చిత్తూరులో మన పిండి మనం తీస్కపోతే కేకు కాల్చిచ్చే కట్టెల బట్టీ బేకరీ: నాలుగున్నర గంటలు కూర్చున్నాం, మళ్ళీ పోతాం

ముందే ఒక మాట చెప్పేస్తా, చేతిలో టైం లేకుంటే ఇక్కడికి పోవద్దు. అర్ధగంటలో కేకు డబ్బా చేతికొచ్చేయాలి అనుకునేవాళ్ళకి ఊర్లో మంచి బేకరీలు చానా ఉన్నాయి, ఇది అట్లాంటి చోటు కాదు.

సంతపేట వైపు ఒక సందులో ఉండే పాత బేకరీ ఇది. పేరు రాయట్లేదు, ఓనరు భాయే వద్దన్నాడు, ఉండే జనానికే బట్టీ చాలట్లేదమ్మా, నెట్లో పెడితే కొత్తవాళ్ళు వచ్చి నిలబడి నిలబడి బాధపడి పోతారు అని. పాత చిత్తూరోళ్ళకి ఇంత చెప్తే చాలు, ఏ సందో తెలిసిపోతుంది. మామూలు రోజుల్లో బన్నులు, బ్రెడ్డు, రస్కులు. రంజాన్ ముందు, క్రిస్మస్ ముందు మాత్రం ఇంట్లోంచి సరుకులు తీస్కపోతే బిస్కెట్లు, కేకులు చేసిస్తారు, కూలి మాత్రమే తీసుకుంటారు. మా అమ్మ పెళ్ళై ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ ఇక్కడే చేయించేది, నాయన పోయిన తర్వాత ఆగిపోయింది, ఈ డిసెంబర్ 20న మళ్ళీ పోయినాం, అమ్మా నేనూ నా కూతురూ.

ఎట్లా పనిచేస్తుందో చెప్తా. పొద్దున పోయి పేరు రాయించుకోవాల, ఒక చీటీ మీద నంబరు రాసిస్తారు. మాది 14. సాయంత్రం నాలుగున్నరకి సామాన్లతో రమ్మన్నారు. బిస్కెట్లకి కిలో మైదాకి అర కిలో చక్కెర పొడి, అర కిలో డాల్డా, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు. మేము రెండు కిలోల మైదా పెట్టినాం, డాల్డా సగం వెన్న సగం. కేకుకి లెక్క ఇంకా సులువు, అన్నీ ఒకే తూకం. అర కిలో మైదా అంటే అర కిలో చక్కెర, అర కిలో వెన్న, గుడ్లు కూడా అర కిలో, అంటే 10 గుడ్లు, ఎందుకంటే గుడ్డు ఒకటి సుమారు 50 గ్రాములు తూగుతుంది. కూలి బిస్కెట్లకి కిలో మైదాకి 120, కేకుకి మొత్తం 150, అన్నీ కలిపి 390 రూపాయలు ఇచ్చినాం. బిల్లు గిల్లు ఉండదు, ఫోన్ పే ఉంది.

బట్టీ గురించి రాయాల్సిందే. ఇటుకలతో కట్టిన గుహ మాదిరి ఉంటుంది, పొద్దున్నుంచీ లోపలే కట్టెలు మండిస్తారు, మధ్యాహ్నం తర్వాత నిప్పులన్నీ పక్కకి లాగేసి, పొడుగు కర్రకి తడి గోనెసంచి చుట్టి నేల తుడుస్తారు. ఆ తర్వాత మంట ఉండదు, ఇటుకలు పీల్చుకున్న వేడితోనే అన్నీ కాలుతాయి. మాస్టరు రవంత మైదా లోపల చల్లి చూస్తాడు, అది వెంటనే నల్లబడితే ఇంకా ఆగాల, నిదానంగా ఎర్రబడితే పెట్టొచ్చు. ఎక్కువ వేడి ఉన్నప్పుడు బన్నులు, తర్వాత బిస్కెట్లు, వేడి బాగా నెమ్మదించిన తర్వాత కేకులు. అందుకే కేకు చేయించుకునేవాళ్ళు అందరికంటే చివర్లో ఇంటికి పోతారు. అది వాళ్ళ సోమరితనం కాదు, బట్టీ అట్లానే పనిచేస్తుంది, తొందరపెడితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది.

మేము మళ్ళీ ఇక్కడికి ఎందుకు పోయినామో కూడా చెప్పాల, లేకుంటే ఈ రివ్యూకి అర్థం లేదు.

నేను తిరుపతిలో బ్యాంకులో చేస్తాను. చిత్తూరు 70 కిలోమీటర్లే, బస్సెక్కితే రెండు గంటలు. అయినా నాయన పోయిన ఈ నాలుగేళ్ళలో క్రిస్మస్ కి ముందే పోయి అమ్మ దగ్గర ఉన్నది లేదు, 24 రాత్రి పోయేది, 25 మధ్యాహ్నం అన్నం తిని సాయంత్రం బస్సుకి వచ్చేసేది. పోయిన ఏడాది ముందుగా ఒక మంచి ప్లమ్ కేకు ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి అమ్మకి పంపించినా, రిబ్బను కట్టి, నా పేరుతో చిన్న కార్డు పెట్టి, అంతా పద్ధతిగా. డెలివరీ అయింది అని మెసేజ్ వచ్చింది, నా పని అయిపోయింది అనుకున్నా. నాలుగు రోజుల తర్వాత మేము పోయేసరికి ఆ డబ్బా ఫ్రిజ్జులో రిబ్బను కూడా విప్పకుండా అట్లనే ఉంది. ఏమ్మా తినలేదా అంటే "ఒక్కదాన్నే ఏం కోసుకుంటా పాపా, మీరొస్తే కోద్దామని పెట్టినా" అనింది. కేకులో ఏ లోపం లేదు, బాగానే ఉంది. నాకే ఆ రోజు ఆ ముక్క గొంతు దిగలేదు.

అందుకే ఈసారి మూడో శనివారం బ్యాంకు ఉన్నా లీవు పెట్టి శుక్రవారం రాత్రే పోయినా. డిసెంబర్ అంటే మాకు క్వార్టర్ ఎండింగ్, మూడు నెలల లెక్కలు ముగించే టైం, లీవు అడగాలంటేనే మొహమాటం, అయినా అడిగినా.

అమ్మ, క్రిస్మస్ కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో మొదటి ఆదివారం, అంటే నవంబర్ 30నే, ఎండుద్రాక్ష, ఖర్జూరం, జీడిపప్పు, టూటీ ఫ్రూటీ అన్నీ ద్రాక్ష రసంలో ఒక ఉడుకు రానిచ్చి సీసాలో పోసి ఫ్రిజ్జులో పెట్టేసిందంట, నేను వస్తానో రానో తెలియకముందే. ఆ సీసా గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకోని ఆటోలో కూర్చుంది.

బేకరీకి పోయినాక మొదటి అర్ధగంట నాకు చానా చిరాకుగా ఉండింది, దాచుకోను. నాలుగే ప్లాస్టిక్ కుర్చీలు, ఇరవై మంది జనం, పొగ, పైగా బ్రాంచి గ్రూపులో మెసేజీల మీద మెసేజీలు. తర్వాత అమ్మ వెన్న గిన్నె నా ముందు పెట్టి చేత్తోనే కలపమనింది. భాయ్ దగ్గర మిషను ఉంది, అడిగితే వేసిస్తారు, మా అమ్మ మాత్రం ఒప్పుకోదు. వెన్నా చక్కెరా కలిపి ఒకే పక్కకి తిప్పతా ఉండాల, పసుపు రంగు పోయి తెల్లగా నురగ మాదిరి అయ్యేదాకా, అందులో చేరిన గాలే కేకుని పైకి లేపుతుంది. తర్వాత గుడ్లు ఒక్కొక్కటే, ఒకేసారి పోస్తే విరిగిపోతుంది. ముప్పావు గంట పట్టింది. మోచేతుల దాకా వెన్న, ఫోన్ ముట్టుకునే దారే లేదు, బ్యాగులో మోగి మోగి అదే ఊరుకుంది.

అప్పుడు జరిగింది ఇది. మైదా తూకం వేస్తా ఉంటే అమ్మ నా కూతురిని పిలిచి "అమ్మాయ్, ఎంత పడింది చూడు" అనింది. అది చదివింది. చక్కెరకీ అట్లనే పిలిచింది. మూడోసారి వెన్నకి పిలిచినప్పుడు నాకు అనుమానం వచ్చింది, ఆ తూకం మిషనులో అంకెలు ఎర్రగా ఇంతింత లావు ఉంటాయి. ఏమ్మా నీకు కనపడట్లేదా అన్నా. మొదట లేదులే అనింది. నేను వెన్న తిప్పతా ఊరికే ఉంటే తనే మెల్లగా చెప్పింది, ఏడాది నుంచీ రెండు కళ్ళూ మసకగా ఉన్నాయి, ఆదివారం చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటాను గానీ చూసి పాడేది లేదు, కంఠతా వచ్చినవే పాడతాను, రానివి పెదాలు కదిలిస్తాను, బైబిలు చదివి ఆరు నెలలు అయింది, అని. బుధవారం ప్రార్థన కూటానికి కూడా పోవట్లేదంట, చీకట్లో మెట్లు కనపడవని.

ముప్పై ఏళ్ళు పిల్లలకి చదువు చెప్పిన మనిషి. రోజూ రాత్రి ఫోన్ చేస్తాను నేను, బాగుండావా అంటాను, బాగుండాను అంటుంది, తిన్నావా అంటాను, తిన్నాను అంటుంది, రెండు నిమిషాలు. ఏడాది పాటు రోజూ మాట్లాడినా ఈ సంగతి నాకు తెలియలేదు, ఒక సాయంత్రం పక్కన కూర్చుంటే తెలిసింది. ఎందుకు చెప్పలేదమ్మా అంటే "నీకుండే పనుల్లో ఇది ఒకటా" అనింది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

కలపడం అయిపోయినాక మాడ్చిన చక్కెర పాకం పోస్తారు, ప్లమ్ కేకుకి ఆ నలుపు, ఆ రవంత చేదు దాని నుంచే వస్తాయి. ప్లమ్ అన్నామే గానీ అందులో ప్లమ్ పండు ఉండదు, పాతకాలం ఇంగ్లీషులో ఎండుద్రాక్షనే ప్లమ్ అనేవాళ్ళు, ఆ పేరే నిలబడింది. ఇది చెప్పింది అక్కడి మాస్టరు. ఆయనది కేరళ, కన్నూరు వైపు, కుర్రతనంలో ఈ పక్కకి వచ్చి ఇక్కడే ఉండిపోయినాడు, తెలుగు మనకంటే బాగా మాట్లాడతాడు. మా పాప మొట్టమొదట కేకు ఎవరు చేసినారు తాతా అని అడిగితే పని ఆపకుండానే వాళ్ళ ఊరి పక్కనుండే తలశ్శేరి సంగతి చెప్పినాడు. 1883లో మర్డాక్ బ్రౌన్ అనే దొర ఇంగ్లండు నుంచి తెచ్చిన క్రిస్మస్ కేకుని అక్కడి బేకరీ ఓనరు మాంబళ్ళి బాపుకి చూపించి ఇట్లాంటిది చేసిస్తావా అని అడిగినాడంట, బాపు అంతకుముందు కేకు చేసిందే లేదంట, ఫ్రెంచి బ్రాందీ వెయ్యమంటే దాని బదులు జీడిమామిడి పండ్లతో, అరటిపండ్లతో చేసిన నాటు సారా వేసినాడంట, దొరకి తెగ నచ్చింది. మన దేశంలో మొదటి క్రిస్మస్ కేకు అదే అంటారు. మా కేకులో సారా లేదు, ద్రాక్ష రసమే.

బిస్కెట్ల అచ్చు గురించి ఒక మాట. భాయ్ దగ్గర అచ్చులు ఉన్నాయి గుండ్రంవి, పువ్వువి, కావాలంటే మనవి కూడా తీస్కపోవచ్చు. అమ్మ సంచిలోంచి రేకు నక్షత్రం ఒకటి తీసింది. చిన్నప్పటి నుంచీ చూస్తానే ఉన్నా దాన్ని, ఒక కొన వంగి ఉంటుంది, బజార్లో కొన్నది అనుకునేదాన్ని. నాయన చేసిందంట. నాయన బస్సు కండక్టరు, 25న డ్యూటీ పడేది చానాసార్లు, అందుకే మా ఇంట్లో బేకరీకి పోయే రాత్రే అసలు పండగ మాదిరి ఉండేది. 1993లో, నాకు అప్పుడు అయిదేళ్ళు, చేతిలో డబ్బు లేక ఇంటి ముందర కట్టే నక్షత్రం కూడా కొనలేదంట ఆ ఏడాది. నేను ఏడుస్తా ఉంటే నాయన ఖాళీ డాల్డా డబ్బా కత్తిరించి ఈ అచ్చు చేసి, "ఈ ఏడాది మనింటి నక్షత్రం కట్టేది కాదు పాపా, తినేది" అన్నాడంట. నాకు ఆ బిస్కెట్లు గుర్తున్నాయి, ఏడ్చింది గుర్తు లేదు. ముప్పై ఏళ్ళుగా అమ్మ ఈ సంగతి నాకు చెప్పలేదు, చెప్పేంత సేపు మేము ఎప్పుడూ ఒకచోట కూర్చోలేదు. భాయ్ ఆ అచ్చు చూడంగానే గుర్తుపట్టినాడు, "కండక్టరు సార్ ది కదా టీచరమ్మా" అని చేతిలోకి తీసుకోని కాసేపు చూసినాడు.

ట్రేలు బట్టీలోకి పోయేముందు అమ్మ కొంగు తల మీద వేసుకోని ప్రార్థన చేసింది, గట్టిగా కాదు, పెదాల మీదే. నాయన ఉన్నప్పుడు ఆయన చేసేవాడు. బట్టీ దగ్గరుండే పిల్లోడు ట్రే చేతిలో పట్టుకోని అమ్మ కళ్ళు తెరిచేదాకా అట్లనే నిలబడినాడు, వాడు సాయిబుల పిల్లోడు, ఎవరూ చెప్పలేదు ఆగమని. తర్వాత అమ్మ నా కూతురికి చెప్పింది, బేత్లెహేము అంటే హెబ్రీ భాషలో రొట్టెల ఇల్లు అని అర్థం, యేసయ్య పుట్టింది రొట్టెల ఇంట్లో, ఆ కబురు మొదట విన్నది రాత్రిపూట నిద్ర మానుకోని మందని కాచుకునే గొర్రెల కాపరులు, అని. పాప బట్టీ వైపు చూసి "ఈ తాతోళ్ళ మాదిరినా అవ్వా" అనింది. అవును అనింది మా అమ్మ. నేను పదేళ్ళ నుంచీ డిసెంబర్లో సెమీ క్రిస్మస్ అని, యూత్ క్రిస్మస్ అని, క్యారల్స్ అని ఎన్నో కార్యక్రమాలకి పోతున్నా, చీర రంగు మొదలుకోని డెకరేషను దాకా అన్నిట్లో ఉంటా, వాక్యం చెప్తా ఉంటే రేపటి పని ఆలోచించుకుంటా. ఆ రాత్రి ఆ ఒక్క మాట మాత్రం నాకు నేరుగా తగిలింది.

ఇక బాగలేనివి కూడా రాయాల. పెద్దవాళ్ళు కూర్చునే ఏర్పాటు సరిగా లేదు, అమ్మకి కుర్చీ ఇచ్చింది పక్కనున్న ఒకాయన లేచి. బాత్రూం లేదు, ఇంటి నుంచే చూసుకోని పోవాల. పొగ ఎక్కువ, ఆయాసం ఉండేవాళ్ళని తీస్కపోవద్దు. బండి సందులో పెట్టడానికి కుదరదు, మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడవాల. ఇంకొకటి, ట్రేలు తారుమారు అవుతాయి, మా ముందు ఒకళ్ళకి అదే జరిగి కాసేపు గొడవ అయింది, భాయే తన సరుకుతో మళ్ళీ చేయించి ఇచ్చినాడు. మా బిస్కెట్లలో కూడా ఒక ట్రే అంచులు మాడినాయి, ఒక ఇరవై పోయినాయి.

రుచి మాత్రం, ఆ కట్టెల వాసన రవంత పట్టిన బిస్కెట్టుకి కరెంటు ఓవెన్లో చేసింది సాటి రాదు. పట్టుకుంటే గట్టిగా, నోట్లో వేసుకుంటే ఇసుక మాదిరి విడిపోతుంది. కేకు మొదటి రోజు కోయొద్దు, కాగితం చుట్టి మూడు నాలుగు రోజులు ఉంచితే పండ్ల రసం అంతా దిగి మెత్తబడుతుంది. మేము 24 రాత్రి కోసినాం, మా ఆయన కూడా తిరుపతి నుంచి వచ్చినాక. ఈసారి అమ్మే మొదటి ముక్క తీసుకుంది.

రాత్రి తొమ్మిదికి బయటపడినాం. ఇంటికి పోయి కాళ్ళు కడుక్కోని కూర్చున్నాక అమ్మ బైబిలు తెచ్చి నా చేతిలో పెట్టింది, యేసయ్య పుట్టిన సంగతి ఉండే లూకా రెండో అధ్యాయం చదివినా, అమ్మ కళ్ళు మూసుకోని వింటా ఉండింది, నేను ఒకచోట ఒక మాట తప్పు చదివితే కళ్ళు తెరవకుండానే సరిదిద్దింది. మరుసటి రోజు ఆగమన కాలం నాలుగో ఆదివారం, ధనుర్మాసం కాబట్టి తెల్లారుజామున గుడి మైకులో పాశురాలు వస్తా ఉంటే లేచి రెడీ అయి చర్చికి పోయినాం ముగ్గురం. పండగ రోజు ఆరాధనలో నా కూతురు అవ్వ పక్కన నిలబడి పాటల పుస్తకం తను పట్టుకోని, ఒక్కో లైను అవ్వ చెవిలో ముందు చెప్తా ఉండింది, అవ్వ అందుకోని పాడతా ఉండింది. ఎవరూ దానికి నేర్పలేదు. బిస్కెట్లు మా వీధిలో పన్నెండు ఇళ్ళకి పంచినాం, ఉగాదికి ఓళిగలు పంపేవాళ్ళకి, రంజాన్ కి సేమియా పంపేవాళ్ళకి, కింద మిగిలిన మాడినవి మా ఆయన కాఫీలో ముంచుకోని తినేసినాడు.

జనవరిలో అమ్మని వేలూరు తీస్కపోతున్నా కళ్ళు చూపించడానికి, చిత్తూరు నుంచి గంట కూడా పట్టదు. రెండు రోజులు లీవు ముందే రాసిచ్చేసినా.

5కి 4 ఇస్తున్నా, ఆ ఒకటి కుర్చీల కోసం తగ్గించినా, భాయ్ కి చెప్పినా కూడా, బెంచీలు వేయిస్తా అన్నాడు. పోవాలనుకునేవాళ్ళు 20వ తారీఖు లోపలే పోండి, 23, 24న బట్టీ దొరకదు. గిన్నెలు, గరిటె, పాత గుడ్డలు, బిస్కెట్లకి మూత గట్టిగా పడే డబ్బాలు ఇంటి నుంచే తీస్కపోండి, డబ్బాల మీద పేరు రాయండి. ట్రేల దగ్గర మాత్రం మీ మనిషి ఒకరు నిలబడండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళని కూడా పిల్చకపోండి, ఇంట్లోనే ఉండు నేను చేయించుకొస్తా అనొద్దు, వాళ్ళకి ఒక కుర్చీ మీరే తీస్కపోండి.